పే స్లిప్పు వెనుక ఒక వకీలు
వి.వి. గిరి ప్రజాజీవితం - బొగ్గు బాయి పిల్లలకు న్యాయవిద్య ఎందుకు



మన సంస్థ సంచికలో ప్రతి ఏటా చదువుకు సంబంధించిన ఒక వ్యాసమైనా ఉండాలన్నది మన పెద్దల కోరిక. ఈసారి న్యాయవిద్య గురించి రాయాలని నిర్ణయించాం. మన గోదావరిఖని, రామగుండం, ఎన్టీపీసీ, ఎయిట్ ఇంక్లైన్ కాలనీ ఇళ్లలో పిల్లవాడు ఇంటర్ పాసయ్యాడంటే ఇంజనీరింగ్ గురించో, పాలిటెక్నిక్ గురించో, గల్ఫ్ గురించో మాట్లాడుకుంటాం. ఆడపిల్ల అయితే నర్సింగ్, బీఈడీ మాట వస్తుంది. ‘లా చదివిస్తాం’ అనే ఇల్లు అరుదు. వకీలు అంటే కోర్టు, కోర్టు అంటే కష్టకాలం అనే భావన మనలో ఇంకా పోలేదు.

ఉత్త సలహాలతో ఈ భావన తొలగదు. అందుకే ఒక వకీలు జీవితాన్ని మీ ముందుంచుతున్నాం. ఆయన పేరు వరాహగిరి వెంకటగిరి. భారతదేశపు నాలుగో రాష్ట్రపతిగా పాఠ్యపుస్తకాల్లో ఆయన ఫోటో చూసిన వారే ఎక్కువ. ఆయన పుట్టింది మన జిల్లాలో కాదు, మన సముదాయంలోనూ కాదు. అయినా బాయిలో పనిచేసే ప్రతి కార్మికుడి పే స్లిప్పుకూ, గ్రాట్యుటీకీ ఆయన నడిచిన దారితో సంబంధం ఉంది. అది ఎలాగో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బరంపురం నుంచి డబ్లిన్‌కు

వి.వి. గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించారు. ఆ ఊరు నేడు ఒడిశాలో ఉంది. ఆనాడు మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేది. తండ్రి జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది, కాంగ్రెస్ వాది. ఇంట్లోనే వకీలు వృత్తినీ దేశ వ్యవహారాలనూ చూస్తూ పెరిగిన కుర్రవాడు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండు రాజధాని డబ్లిన్ వెళ్లాడు.

అప్పటికి ఐర్లండు కూడా మనలాగే ఆంగ్లేయుల ఏలుబడిలో ఉంది. 1916 ఏప్రిల్‌లో అక్కడ తిరుగుబాటు జరిగింది. తిరుగుబాటు నాయకులతో పరిచయాలున్నాయనే అనుమానంతో గిరిని దేశం విడిచి పొమ్మన్నారు. అదే ఏడు జూన్‌లో బారిస్టరుగా నమోదై ఆయన ఇంటిదారి పట్టారు. చదువుతో పాటు మరో పాఠం కూడా తెచ్చుకున్నారు. పరాయి పాలనను ఎదిరించాలంటే కూలీ నాలీ చేసుకునే జనం కూడా సంఘటితం కావాలని ఐర్లండు కార్మిక ఉద్యమం ఆయనకు చూపించింది.

తిరిగివచ్చి మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా నమోదు చేసుకున్నారు. తండ్రి పేరుంది, చేతిలో బారిస్టరు పట్టా ఉంది. ప్రాక్టీసు సాగిస్తే డబ్బుకు లోటుండేది కాదు. కానీ 1920లో గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపు ఇవ్వగానే కోర్టు మానేశారు. సారా దుకాణాల దగ్గర పికెటింగ్ చేసి 1922లో జైలుకు వెళ్లారు.

రైలు కార్మికుల వకీలు

కోర్టు మానేసిన గిరి చట్టాన్ని మానలేదు. బరంపురం మీదుగా వాల్తేరుకు వచ్చే రైలు మార్గం ఆనాడు బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీది. ఆ కంపెనీ కార్మికుల్లో ఆయన పని మొదలుపెట్టారు. 1920ల తొలినాళ్లలో అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపకుల్లో ఒకరయ్యారు, పదేళ్లకు పైగా దాని ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. 1926లో ఏఐటీయూసీ అధ్యక్షులయ్యారు. అదే ఏడాది ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. అంతకుముందు సంఘం పెట్టి సమ్మె చేస్తే కంపెనీకి నష్టం కలిగించారంటూ నాయకుల మీద కేసులు వేసే వీలుండేది. రిజిస్టరైన సంఘానికి ఆ చట్టం రక్షణ ఇచ్చింది. చట్టంలోని ఒక్క సెక్షన్ వేలాది మంది చేతికి ఎంత బలమిస్తుందో గిరి లాంటి వకీళ్లు కార్మికులకు వివరించి చెప్పారు.

1928లో బెంగాల్-నాగపూర్ రైల్వేలో కార్మికుల తొలగింపునకు వ్యతిరేకంగా సమ్మె జరిగింది. గిరి నాయకత్వంలో అది హింస లేకుండా సాగింది. చివరికి యాజమాన్యం, ప్రభుత్వం కార్మికులతో మాట్లాడక తప్పలేదు. మూడేళ్ల తర్వాత, 1931లో, లండన్‌లో జరిగిన రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి ఆయన భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు.

రాజు మీద గెలుపు, మంత్రి పదవి

1937 ఎన్నికల్లో గిరి బొబ్బిలిలో సాక్షాత్తు బొబ్బిలి రాజా మీదే పోటీ చేసి గెలిచారు. ఆ రాజా అంతకుముందు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా పనిచేసిన వ్యక్తి. రాజాజీ మంత్రివర్గంలో గిరికి కార్మిక, పరిశ్రమల శాఖలు దక్కాయి. నిన్నటి దాకా యాజమాన్యాల ఎదుట కార్మికుల తరఫున కూర్చున్న మనిషి ఇప్పుడు ఇద్దరి మధ్యా కూర్చోవలసి వచ్చింది. రెండు పక్షాలనూ ఒక బల్ల దగ్గరికి తేవడం, కాగితం మీద ఒప్పందం రాయించడం అప్పుడే ఆయన పద్ధతిగా మారింది. 1939లో ప్రజల సమ్మతి అడగకుండా దేశాన్ని యుద్ధంలోకి దించినందుకు నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలన్నీ రాజీనామా చేశాయి. తర్వాతి ఏళ్లలో గిరి మళ్లీ జైలుపాలయ్యారు. క్విట్ ఇండియా ఉద్యమంలో అరెస్టయి 1945 వరకు నిర్బంధంలోనే ఉన్నారు. 1947 నుంచి 1951 వరకు సిలోన్‌లో భారత హైకమిషనర్‌గా పనిచేశారు.

కేంద్ర కార్మిక మంత్రిగా

1952లో శ్రీకాకుళం ప్రాంతంలోని పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై, నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక శాఖ చేపట్టారు. రెండేళ్ల పైచిలుకు మాత్రమే ఆ పదవిలో ఉన్నారు. కానీ మన ప్రాంతానికి అవసరమైన విషయం ఇక్కడే ఉంది.

అంతవరకు పరిశ్రమలో పని తగ్గితే, ముడిసరుకు రాకపోతే, యంత్రం చెడితే ‘రేపు రావద్దు’ అని కార్మికుడిని ఇంటికి పంపడం మామూలు. ఆ రోజుల కూలి కార్మికుడి నష్టమే. 1953లో పారిశ్రామిక వివాదాల చట్టాన్ని సవరించి, లే-ఆఫ్ కాలానికి మూల వేతనం, కరువు భత్యంలో సగం ఇవ్వాలని నిబంధన తెచ్చారు. ఉద్యోగం నుంచి తొలగించాలంటే నోటీసు ఇవ్వాలి. పనిచేసిన ప్రతి ఏడాదికి పదిహేను రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం చెల్లించాలి. చివర చేరిన వారిని ముందుగా తీయాలి, పాతవారిని కాదు. ఈ మాటలన్నీ ఆ సవరణలోనివే. ఆ తర్వాత వచ్చిన చట్టాల్లోనూ ఈ సూత్రాలు కొనసాగాయి. ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం మూతపడిన రోజులు మన పెద్దలకు గుర్తే. పని పోయిన మనిషికి ఏదో ఒక లెక్క ప్రకారం డబ్బు చేతికి రావాలనే ఆలోచన ఆకాశం నుంచి ఊడిపడలేదని చెప్పడానికే ఈ వివరాలు.

ఇక రెండో విషయం, అందరూ ‘గిరి విధానం’ అని పిలిచేది. వివాదం రాగానే ప్రభుత్వం దాన్ని ట్రిబ్యునల్‌కు పంపడం, అక్కడ ఏళ్ల తరబడి వాదనలు సాగడం, చివరికి ఒక పక్షం ఓడి మనసులో కక్ష పెట్టుకోవడం గిరికి నచ్చలేదు. కార్మికులు, యాజమాన్యం నేరుగా మాట్లాడుకుని ఒప్పందానికి రావాలనీ, కోర్టు ఆఖరి దారి కావాలనీ ఆయన వాదన. సంఘం బలంగా ఉంటేనే ఇది సాధ్యమని కూడా ఆయనే చెప్పేవారు. స్వయంగా వకీలైన మనిషి కోర్టు మెట్లు ఎక్కే అవసరం తగ్గించాలని కోరడంలోనే ఆయన నిజాయితీ తెలుస్తుంది. ఆనాడు ప్రభుత్వం ఈ వాదనను పూర్తిగా అంగీకరించలేదు.

మన బొగ్గు పరిశ్రమనే చూడండి. 1956లో బొగ్గుగని కార్మికుల వేతనాలను నిర్ణయించింది మజుందార్ ట్రిబ్యునల్ అవార్డు. ఆ తర్వాత వేజ్ బోర్డు వచ్చింది. 1975 జనవరి 1 నుంచి పరిస్థితి మారింది. బొగ్గు యాజమాన్యాలు, కార్మిక సంఘాలు కలిసి కూర్చుని కుదుర్చుకున్న మొదటి జాతీయ బొగ్గు వేతన ఒప్పందం ఆ రోజు నుంచి అమలైంది. సింగరేణి కార్మికుల వేతనాలు కూడా ఆ ఒప్పందాల వరుసలోనే మారుతూ వస్తున్నాయి. మన ఇళ్లలో ‘వేజ్ బోర్డు ఎప్పుడు?’ అని నేటికీ పాత పేరుతోనే అడుగుతారు గానీ, జరుగుతున్నది బోర్డు తీర్పు కాదు, రెండు పక్షాల ఒప్పందం. 1998లో సింగరేణిలో రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నికలు జరగడమూ ఇదే దారిలో పడిన అడుగు. ఎవరితో మాట్లాడాలో తేలితేనే మాటలు సాగుతాయి.

మాట కోసం పదవి వదిలిన రోజు

1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల వివాదం వచ్చింది. లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన నిర్ణయాన్ని యథాతథంగా అమలు చేయకుండా ప్రభుత్వం దాన్ని ఉద్యోగులకు తగ్గించే విధంగా మార్చింది. రెండు పక్షాల వాదన విని ఒక సంస్థ తీర్పు చెప్పాక, నచ్చని భాగాన్ని ప్రభుత్వం కొట్టివేస్తే ఇక ఆ సంస్థను ఎవరు నమ్ముతారన్నది కార్మిక మంత్రి ప్రశ్న. మంత్రివర్గం వినలేదు. ఆగస్టులో గిరి రాజీనామా చేశారు. కేంద్రంలో మంత్రి పదవిని ఒక సూత్రం కోసం వదులుకున్నవారు మన దేశంలో కొద్దిమందే. తర్వాత ఆ వ్యవహారాన్ని పరిశీలించడానికి ప్రభుత్వం ఒక కమిషన్‌ను వేయవలసి వచ్చింది.

తన కేసు తానే ఓడిన వకీలు

1957 ఎన్నికల్లో గిరి పార్వతీపురం నుంచి పోటీ చేశారు. అప్పట్లో కొన్ని నియోజకవర్గాల నుంచి ఇద్దరు సభ్యులు ఎన్నికయ్యేవారు. పార్వతీపురంలో ఒక స్థానం గిరిజనులకు రిజర్వు, రెండోది జనరల్. ఓట్లు లెక్కించాక మొదటి రెండు స్థానాల్లోనూ గిరిజన అభ్యర్థులే నిలిచారు. గిరి మూడో స్థానంలో మిగిలారు. రెండో స్థానంలో ఉన్న డిప్పల సూరిదొరకూ ఆయనకూ తేడా ఆరు వందల ఓట్ల లోపే.

రిజర్వు స్థానానికి పోటీ చేసిన వ్యక్తి జనరల్ స్థానం తీసుకోవచ్చా? ఇదీ ప్రశ్న. గిరి ఎన్నికల పిటిషన్ వేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1959లో తీర్పు వచ్చేనాటికి ఆయన ఉత్తరప్రదేశ్ గవర్నరు. గవర్నరు హోదా ఆ కేసులో పనికిరాలేదు. గిరిజన అభ్యర్థికి ఎక్కువ ఓట్లు వస్తే జనరల్ స్థానం కూడా ఆయనదేనని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు. రిజర్వేషన్ ఒక రక్షణే గానీ, ఆ వర్గాన్ని ఆ గీత దాటకుండా కట్టేసే కంచె కాదన్నది ఆ తీర్పు సారాంశం. బలహీన వర్గాలన్నింటికీ మేలు చేసే ఈ మాట గిరి ఓటమి వల్లే చట్టంలో స్థిరపడింది. 1961లో పార్లమెంటు ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలనే రద్దు చేసింది.

ఇక్కడ మన తెలంగాణకు సంబంధించిన ఒక విశేషం. 1960 జూలైలో గిరి ఉత్తరప్రదేశ్ నుంచి కేరళకు గవర్నరుగా మారారు. అదే సమయంలో కేరళ నుంచి ఉత్తరప్రదేశ్‌కు వెళ్లినవారు హైదరాబాద్ రాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు. ఆయన కూడా వకీలే, ఉర్దూ, పారశీ భాషల్లో పండితుడు. అంటే ఇద్దరు తెలుగు న్యాయవాదులు ఒకరి కుర్చీలోకి మరొకరు వెళ్లారు. గిరి తర్వాత మైసూరు గవర్నరుగానూ పనిచేశారు.

రాష్ట్రపతి భవన్, సుప్రీంకోర్టు సాక్షి బోను

1967లో డాక్టర్ జాకిర్ హుస్సేన్ రాష్ట్రపతి కాగా, గిరి ఉపరాష్ట్రపతి అయ్యారు. హైదరాబాదులో పుట్టిన ఆ విద్యావేత్త 1969 మే 3న పదవిలో ఉండగానే మరణించారు. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలై 19న పద్నాలుగు పెద్ద బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్స్ మీద సంతకం చేశారు. పదిహేనేళ్ల కిందట బ్యాంకు ఉద్యోగుల కోసం మంత్రి పదవి వదిలిన చెయ్యే అది. మరునాడు పదవి వదిలి స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికకు నిలబడ్డారు. ఆ నెల రోజులు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎం. హిదాయతుల్లా రాష్ట్రపతి బాధ్యతలు నిర్వహించారు. పోటీలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి మరో తెలుగువాడు, నీలం సంజీవరెడ్డి. రెండో ప్రాధాన్యత ఓట్లు లెక్కించాక గిరి గెలిచారు.

ఎన్నిక చెల్లదంటూ సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. పదవిలో ఉన్న రాష్ట్రపతి కోర్టుకు రానవసరం లేదని సలహా ఇచ్చేవారికి కొదువ ఉండదు. గిరి మాత్రం 1970లో స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పారు, ప్రశ్నలకు జవాబిచ్చారు. అంతకుముందు ఏ రాష్ట్రపతీ అలా చేయలేదు. పిటిషన్లను కోర్టు కొట్టివేసింది. అయితే ఆయన గెలుపు కంటే ఆయన రాకే ఎక్కువ చెప్పుకోదగ్గ విషయమని మేము భావిస్తున్నాం. దేశంలో అత్యున్నత పదవిలో ఉన్న వకీలు ఏ మామూలు సాక్షిలాగో చట్టం ముందు నిలిచాడు.

ఆయన రాష్ట్రపతిగా ఉన్న ఐదేళ్లలో కార్మికులకు ముఖ్యమైన చట్టాలు వచ్చాయి. 1970లో కాంట్రాక్టు కార్మికుల చట్టం, 1972లో గ్రాట్యుటీ చట్టం, 1973లో బొగ్గుగనుల జాతీయీకరణ చట్టం ఆయన ఆమోదంతోనే అమల్లోకి వచ్చాయి. మన సింగరేణి 1920 నుంచే కంపెనీగా ఉంది, నిజాం ప్రభుత్వ కాలంలోనే సర్కారు చేతికి వచ్చింది కనుక జాతీయీకరణ అవసరం దానికి రాలేదు. గ్రాట్యుటీ మాత్రం ఇక్కడి ప్రతి ఇంటికీ తెలిసిన మాట.

ఒక విషయం దాచకూడదు. 1974 మేలో దేశవ్యాప్త రైల్వే సమ్మె జరిగింది. దానికి ముందు నిలిచిన సంఘాల్లో గిరి యువకుడిగా కట్టిన సమాఖ్య ఉంది. ప్రభుత్వం వేలాది మందిని జైళ్లలో పెట్టి ఆ సమ్మెను అణచివేసింది. ఆనాడు రాష్ట్రపతి గిరియే. రాజ్యాంగం ప్రకారం రాష్ట్రపతి మంత్రివర్గం సలహా మేరకే నడుచుకోవాలి. ప్రభుత్వం చెప్పినదానికల్లా సంతకం పెట్టారన్న విమర్శ ఆయన మీద ఆనాడే ఉంది. పదవి పెద్దదైన కొద్దీ చేతులకు కట్టుబాట్లు పెరుగుతాయి. కార్మికుడికి ఆయన వల్ల జరిగిన మేలు ఎక్కువగా చిన్న పదవుల్లో, సంఘం ఆఫీసుల్లో, చర్చల బల్లల దగ్గర జరిగింది.

1974 ఆగస్టులో పదవీకాలం ముగిసింది. తర్వాత రాష్ట్రపతి అయిన ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ కూడా బారిస్టరే. గిరికి 1975లో భారతరత్న లభించింది. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు నేడు ఆయన పేరే ఉంది.

మన ప్రాంతానికి వకీలు ఎందుకు

ఇంత కథ చెప్పింది ప్రతి పిల్లవాడూ రాష్ట్రపతి కావాలని కాదు. మన చుట్టూ చూడండి. బాయిలో ప్రమాదం జరిగితే ఇంటావిడకు ఏ కాగితాలు కావాలో తెలియదు. మెడికల్ అన్‌ఫిట్, కారుణ్య నియామకం, సీఎంపీఎఫ్ పింఛను, నామినీ పేరులో తప్పు, ఆధార్‌లో ఒక స్పెల్లింగు, సర్వీసు రికార్డులో మరో స్పెల్లింగు. ఉర్దూలో రాసుకున్న పేరు ఇంగ్లీషులో మూడు రకాలుగా పడటం మన ఇళ్లలో మామూలే. ఓపెన్‌కాస్ట్‌లో ఓవర్‌బర్డెన్ పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి తన పీఎఫ్ కట్టారో లేదో తెలియదు. ఇవి హైకోర్టు కేసులు కావు. చదివి చెప్పే ఒక మనిషి, సరైన దరఖాస్తు రాసే ఒక చెయ్యి ఉంటే చాలావరకు తీరిపోతాయి. లేకపోతే దళారికి డబ్బు పోతుంది, గడువూ పోతుంది.

గోదావరిఖనిలోనే పారిశ్రామిక ట్రిబ్యునల్, లేబర్ కోర్టు ఉన్నాయి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. తలుపు తెరిచే ఉంది. ఆ తలుపు దాకా మనవాళ్లను తీసుకెళ్లే మనుషులే తక్కువ.

ఇంటర్ తర్వాత ఐదేళ్లు, డిగ్రీ తర్వాత మూడేళ్లు చదివితే న్యాయపట్టా వస్తుంది. లాసెట్ రాసి రాష్ట్రంలోని కళాశాలల్లో చేరవచ్చు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు క్లాట్ రాయాలి. దాతలు గమనించవలసిన సంగతి ఒకటుంది. లా విద్యార్థికి కష్టం ఫీజుతో ముగియదు. పుస్తకాలు, బార్ కౌన్సిల్ నమోదు, ఆ తర్వాత బార్ పరీక్ష ఉంటాయి. అన్నిటికంటే బరువైనది సీనియరు దగ్గర జూనియరుగా చేరిన మొదటి రెండు మూడేళ్లు. చేతికి పెద్దగా డబ్బు రాదు. జోగయ్య పంతులు కొడుక్కి ఆ భయం లేదు. కోల్ ఫిల్లర్ కొడుక్కి, టైలరు కూతురికి ఉంటుంది. చాలామంది ఆ రెండేళ్లలోనే నల్లకోటు మడిచి వేరే పని చూసుకుంటారు.

కాబట్టి విద్యా సహాయం గురించి ఆలోచించే దాతలకు మా విన్నపం ఇది. మీ జకాత్, సదఖా సొమ్ములో అర్హులైన లా విద్యార్థులను కూడా గుర్తుంచుకోండి. పట్టా చేతికి వచ్చాక జూనియరుగా గడిపే ఆ కాలానికి కూడా తోడు నిలవండి. అలా చదువుకున్న పిల్లలను మేము కోరేది ఒక్కటే. వారంలో ఒక పూట మన దఫ్తరులో కూర్చుని, మతం, కులం చూడకుండా వచ్చినవారి కాగితాలు చదివి దారి చెప్పాలి. బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికుల మధ్య ఒక బారిస్టరు మొదలుపెట్టిన పని కూడా దాదాపు ఇటువంటిదే.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక, మన పిల్లల చదువుల్లో బరకత్ ప్రసాదించుగాక. ఆమీన్.